పడకముందా, పడ్డాకా? పాత అమెరికన్ పత్రికల్లో దెబ్బల హాస్యం

అరటి తొక్క మీద కాలేసి జారిపడటం సినిమాలో ఒకటిన్నర సెకను పని. అదే కాగితం మీద గీయమంటే చిక్కొచ్చి పడుతుంది, ఎందుకంటే కాగితం మీద ఎవరూ పడరు. గీసేవాడు ఒక్క క్షణాన్ని ఎంచుకుని దాన్ని అక్కడే మేకేసి బిగించాలి. అంతకుముందు ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం కానుందో చూసేవాడి బుర్రలో జరగాలి. మరి ఏ క్షణం గీయాలి? కాలు తొక్క మీద ఆనబోతున్న క్షణమా, మనిషి గాల్లో అడ్డంగా తేలుతున్న క్షణమా, నడుం పట్టుకుని నేల మీద చతికిలబడ్డ క్షణమా? 1880ల నుంచి 1960ల దాకా అమెరికన్ పత్రికల్లో వచ్చిన స్లాప్‌స్టిక్, అంటే పడటాలూ దెబ్బల హాస్యం, కార్టూన్లను వరసగా పెట్టి చూస్తే, ఈ ప్రశ్నకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పినట్టు కనిపిస్తుంది. ఆ జవాబులు మారడానికి గీసేవాళ్ళ అభిరుచి కన్నా అచ్చుబ్లాకులు, ఆదివారం పేపర్లు, మూకీ సినిమాలు ఎక్కువ కారణం.

ముందు స్లాప్‌స్టిక్ అన్న మాట సంగతి. కొమ్మేదియా దెల్లార్తే అనే పాతకాలపు ఇటలీ హాస్యనాటకాల్లో కోణంగి వేషగాడి చేతిలో ఒక చెక్క ఉండేది. చూడటానికి ఒకటే గానీ, పిడి దగ్గర కలిపి బిగించిన రెండు పల్చటి బద్దలవి. దాంతో ఎవరి వీపు మీదైనా కొడితే బద్దలు రెండూ ఒకదానికొకటి తగిలి ఛెళ్ళుమంటాయి. హాలు చివర కూచున్నవాడికి కూడా వినబడుతుంది, తిన్నవాడికి మాత్రం చీమ కుట్టినట్టుంటుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ చెక్కకే స్లాప్‌స్టిక్ అని పేరు పెట్టారు. దెబ్బ చిన్నది, చప్పుడు పెద్దది. ఈ హాస్యం మొత్తం ఆ రెంటి మధ్య తేడా మీదే బతుకుతుంది. కాగితం దగ్గరికొచ్చేసరికి చప్పుడు లేదు, కదలిక లేదు. పైగా దెబ్బ నిజంగా తగల్లేదని నమ్మించే నటుడి ముఖమూ లేదు. మూడింటినీ గీతతోనే పూడ్చుకోవాలి.

మొదటి నుంచి చివరిదాకా గీసేద్దాం

వియన్నా నుంచి వలస వచ్చిన జోసెఫ్ కెప్లర్ 1876లో న్యూయార్క్‌లో పక్ పత్రికను జర్మన్ భాషలో మొదలుపెట్టి, మరుసటేడు ఇంగ్లీషులోనూ తెచ్చాడు. పది సెంట్ల వారపత్రిక. ముందట్ట, నడిమి రెండు పేజీలు, వెనకట్ట రంగుల లిథో (రాతి పలక మీంచి తీసిన అచ్చు) బొమ్మలు. అవి ఎక్కువగా రాజకీయాలకు పోయేవి. పడటాలూ తన్నులూ లోపలి నలుపు తెలుపు పేజీల్లో చిల్లర సరుకుగా ఉండేవి. 1881లో జడ్జ్, 1883లో లైఫ్ వచ్చాయి. ఈ లైఫ్ హాస్యపత్రిక. మనకు బాగా తెలిసిన ఫోటోల లైఫ్ 1936లో ఈ పేరు కొనుక్కుని పుట్టిన వేరే పత్రిక.

కానీ పడటాన్ని శాస్త్రంలా పట్టుకున్నవాడు ఈ మూడింటిలోనూ లేడు. హార్పర్స్ మాసపత్రికలో 1881లో ఎ.బి. ఫ్రాస్ట్ ఒక బొమ్మల వరస వేశాడు. ఇంటి పిల్లి ఎలకల మందు తింటుంది, ఇల్లంతా రణరంగమవుతుంది. ఇవాళ చూస్తే కాస్త క్రూరంగానే అనిపిస్తుంది గానీ ఆ పిల్లి ఒళ్ళు తిరిగిన తీరు అంతకుముందు అమెరికన్ పత్రికల్లో ఎవరూ గీయలేదు. దానికి నేపథ్యం ఉంది. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి పరిగెత్తే గుర్రాన్ని తీసి, నాలుగు కాళ్ళూ నేలను వదిలేసే క్షణం ఒకటుంటుందని చూపించాడు. ఆ ఫోటోలంటే పడిచచ్చిన చిత్రకారుడు థామస్ ఈకిన్స్ దగ్గర ఫ్రాస్ట్ ఫిలడెల్ఫియాలో చదువుకున్నాడు. కంటికి కనబడనంత వేగంగా జరిగేదాన్ని ముక్కలు ముక్కలుగా చూడొచ్చన్న ఆలోచన గాల్లో ఉన్న కాలమది. ఇంకో సంగతి, ఫ్రాస్ట్‌కి రంగులు సరిగ్గా తెలిసేవి కావు. నల్లటి కలం గీత మీదే ప్రాణం పెట్టాడంటే ఆశ్చర్యం లేదు.

ఆయన జవాబు సూటిగా ఉంటుంది: ఏ క్షణమో తేల్చుకోవడం ఎందుకు, అన్నీ గీసేద్దాం. ఆరో ఎనిమిదో బొమ్మలు, ఒకే దూరం నుంచి, ఒకే కోణం నుంచి. వెనక గోడ, చెట్టు, కిటికీ అవసరమైనంతే. రెండు బొమ్మల మధ్య మారింది ఏమిటో కన్ను వెంటనే పట్టుకోవాలంటే మారనివి తక్కువగా ఉండాలి. ఇప్పటి యానిమేషన్ విద్యార్థికి మొదటి వారంలో చెప్పే పాఠం ఇది.

ఫ్రాస్ట్ అదృష్టం అచ్చు పద్ధతి మారే సమయానికి చేతికందిరావడం. అప్పటిదాకా బొమ్మను చెక్క దిమ్మ మీద ఇంకొకడు చెక్కేవాడు. ఒక నల్ల గీత నిలవాలంటే దానికి రెండు పక్కలా చెక్కను తవ్వెయ్యాలి. చిత్రకారుడు అర సెకనులో విసిరిన గీతకు చెక్కేవాడు నిదానంగా రెండు కోతలు కొయ్యాలన్నమాట. ఆ నిదానం గీతలోకి దిగి, పరిగెత్తే మనిషి నడుస్తున్నట్టు తేలేవాడు. 1880లలో ఫోటో పద్ధతిలో జింకు బ్లాకులు వాడకంలోకి వచ్చాక చేతి గీత ఉన్నదున్నట్టు అచ్చయింది. ఆఫ్‌సెట్ వచ్చేదాకా మన తెలుగు పత్రికల్లో "బ్లాకు చేయించడం" అన్నదీ ఈ పనే. బొమ్మను అచ్చయ్యే కొలతకు ఒకటిన్నర, రెండు రెట్లు పెద్దగా గీసి ఫోటోలో తగ్గించేవారు. తగ్గేటప్పుడు చేతి వణుకూ తగ్గి గీత చురుగ్గా కనిపిస్తుంది. కానీ నీడ కోసం వేసిన అడ్డగీతలు మరీ దగ్గరగా ఉంటే, తగ్గాక వాటి మధ్య సందు పూడిపోయి ఇంకు పట్టేసి మసిముద్ద అవుతుంది. పాత సంచికల్లో గాల్లో లేచిన మనిషి కోటు నల్లటి గుమ్మడికాయలా కనబడితే తప్పు గీతది కాదు, తగ్గించిన లెక్కది.

పడే మనిషి లెక్క

నిలబడ్డ మనిషి బొమ్మలో బొడ్డు నుంచి ఒక దారం నిట్టనిలువుగా వేలాడదీయండి. అది రెండు పాదాల మధ్య దిగితే మనిషి నిలబడ్డాడు. పాదాలకు అవతల దిగితే పడబోతున్నాడు. కొత్తగా గీసేవాళ్ళ బొమ్మలు తేలిపోయేది ఇక్కడే: దారం పాదం అంచు మీదే దిగేలా వాలుస్తారు. అప్పుడు మనిషి పడుతున్నట్టుండడు, తాగి తూలుతున్నట్టో వంగి చెప్పు సర్దుకుంటున్నట్టో ఉంటాడు. పడుతున్నాడని ఒప్పించాలంటే మొహమాటం లేకుండా వాల్చాలి. వెల్లకిలా పడేవాడయితే మడమలు తల కన్నా ఎత్తులో ఉండాలి. నిజంగా జారిపడే మనిషి కాళ్ళు అంత ఎత్తుకు లేవవు, ఫోటో తీస్తే తెలిసిపోతుంది. ఫోటోలో నిజమైనది బొమ్మలో అబద్ధమవుతుంది.

రెండోది నీడ. గాల్లో ఉన్న మనిషిని ఎంత బాగా గీసినా, నేల మీద నీడ లేకపోతే నేలకు అతుక్కున్నట్టే ఉంటాడు. ఒంటికి కొంచెం ఎడంగా, సరిగ్గా కింద, ఒక కోలగా ఉన్న నీడ వేస్తే చాలు, ఎంత ఎత్తులో ఉన్నాడో కన్ను కొలిచేసుకుంటుంది. పాత కార్టూన్లలో నాలుగు అడ్డగీతలతో వేసిన ఆ నీడను వేలితో మూసి చూడండి. ఎగిరినవాడు టక్కున దిగిపోతాడు.

మూడోది టోపీ. అప్పటి అమెరికాలో టోపీ లేకుండా వీధిలోకి వచ్చిన మగవాడు లేడు. కార్టూనిస్టుకి అది వరం. ఒళ్ళు ఒక్కసారిగా కిందికి పోతే టోపీ ఉన్నచోటే ఉండిపోతుంది. తలకూ టోపీకీ మధ్య వదిలిన తెల్లటి ఖాళీయే వేగానికి కొలత. చేతిలో పళ్ళెం ఉంటే గిన్నెలు విసనకర్రలా విచ్చుకోవాలి, కుప్పగా కాదు. కోటు తోకలు, టై, గొడుగు, ఒంటికి వేలాడే ప్రతి వస్తువూ ఒంటి కన్నా ఒక క్షణం వెనకబడి ఉండాలి. టోపీలు పోయాక పడే బొమ్మ గీయడం కష్టమైందని అనుకోవడంలో అతిశయోక్తి లేదు.

ఇక ముఖం. నొప్పి గీస్తే నవ్వు చచ్చిపోతుంది. ముఖంలో ఉండాల్సింది ఆశ్చర్యం, ఇంకా బాగుండాలంటే అవమానం. గాల్లో అడ్డంగా ఉన్న మనిషి తన బుర్ర పగలబోతోందని కాదు, ఎవరైనా చూశారేమో అని బెంగపడుతున్నట్టుండాలి. అందుకే మంచి స్లాప్‌స్టిక్ బొమ్మలో ఓ మూల ఒక సాక్షి ఉంటాడు, పనేమీ లేని కుక్క అయినా సరే. సాక్షి లేని పడటం ప్రమాదం. సాక్షి ఉంటే హాస్యం.

చెమట చుక్కలు, దుమ్ము మబ్బులు, వేగం గీతలు వీటన్నిటికీ మోర్ట్ వాకర్ అనే కార్టూనిస్టు సరదాగా పేర్లు పెట్టి 1980లో ఒక నిఘంటువే అచ్చేశాడు. తల చుట్టూ ఎగిరే చెమట చుక్కలు ప్లూడ్లు, పరిగెత్తినవాడి వెనక మిగిలే దుమ్ము బ్రిఫిట్, వేగం గీతలు హైట్లు. వేళాకోళానికి మొదలైనవి ఆ వృత్తిలో నిజంగానే వాడుకమాటలయ్యాయి. ఈ గుర్తులు ఉప్పు లాంటివి. భంగిమ కుదరనప్పుడు ఇరవై వేగం గీతలు లాగి నెట్టుకొద్దామనుకుంటే మనిషి పడడు, ఊడలమర్రిలా నిలబడిపోతాడు.

అన్నిటికన్నా పెద్ద తప్పు నేలను తాకిన క్షణాన్ని ఎంచుకోవడం. తాకిన మనిషి పడుకున్న మనిషిలా ఉంటాడు, తేడా కన్నుకు తెలీదు. గీయదగ్గవి రెండే: గాల్లో అత్యున్నత స్థానం, లేదా అంతా అయిపోయాక దుమ్ము ఇంకా దిగని క్షణం. మధ్యలోది ఖాళీ. ఆ ఖాళీని చూసేవాడు నింపుతాడు, నవ్వు అక్కడ పుడుతుంది.

ఎవరు పడుతున్నారు

మనకో సామెత ఉంది, పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదని. ఈ పత్రికలు దాన్ని తిరగేశాయి. పడటం చూసి జాలి కలక్కూడదంటే పడేవాడు పడదగ్గవాడని ముందే ఒప్పించాలి. అందుకు పక్, జడ్జ్ పత్రికలు ఎంచుకున్న అడ్డదారి జాతి. ఐరిష్ పనిమనిషిని కోతి ముఖంతో, నల్లవాళ్ళను మందపాటి పెదాలతో, యూదులను కొక్కెం ముక్కుతో గీసి, వాళ్ళ మీద పళ్ళేలూ కుండలూ పగలగొట్టేవారు. పక్‌లో దాదాపు పద్దెనిమిదేళ్ళు గీసిన ఫ్రెడరిక్ ఆపర్ ఐరిష్ పనిమనుషుల బొమ్మలు, జడ్జ్‌లో జిమ్ అన్న సంతకంతో యూజీన్ జిమ్మర్‌మన్ వేసిన నల్లవాళ్ళ బొమ్మలు ఇలాంటివే. ఇద్దరి గీతా అద్భుతం, అదే ఇబ్బంది. ఆ నైపుణ్యం చూసి నేర్చుకోవాలనుకున్నవాళ్ళు ఆ బొమ్మల్లో సగం నవ్వు గీతది కాదని, చదువరి మనసులో అప్పటికే ఉన్న ఏహ్యానిదని గుర్తుపెట్టుకుని చూడాలి. అది తీసేస్తే చాలా బొమ్మలు ఊరికే ఎవరో కిందపడ్డ బొమ్మలుగా మిగులుతాయి.

పడదగ్గవాణ్ణి ఎంచుకోవడానికి ఇంకో దారి ఉంది: గొప్పలకు పోయేవాడు. పట్టు టోపీ పెద్దమనిషి, బాంకు డైరెక్టరు, వేటగాడి వేషం కట్టిన పట్నవాసి. ఎంత నిక్కితే అంత ఎత్తు నుంచి పడతాడు. ఇరవయ్యో శతాబ్దంలో పత్రికలు మెల్లమెల్లగా ఇటు జరిగాయి.

ఇద్దరు దొంగలు

1890ల మధ్యలో న్యూయార్క్ దినపత్రికలకు రంగుల ఆదివారం అనుబంధాలు వచ్చాయి. వాటి యజమానులు పులిట్జర్, హర్‌స్ట్ పోటీపడి హాస్యపత్రికల గీతగాళ్ళను ఎక్కువ జీతాలిచ్చి లాక్కున్నారు. ట్రూత్ అనే పత్రికలో వేస్తున్న ఔట్‌కాల్ట్ వెళ్ళిపోయాడు, పక్ నుంచి ఆపర్ వెళ్ళిపోయి 1900లో హర్‌స్ట్ పేపర్లలో హ్యాపీ హూలిగన్ అనే బొమ్మల వరసను మొదలుపెట్టాడు. ఆపర్ తర్వాత మాడ్ అనే కంచరగాడిదను సృష్టించాడు, అది చివరి గడిలో తన యజమానిని తన్నకుండా వదిలిన వారం లేదు. ఫ్రాస్ట్ పద్ధతి, అంటే మొదటి నుంచి చివరిదాకా గీసేయడం, అలా పేపర్ల సొత్తయింది. రంగుల్లో, పేజీ నిండా, వారం వారం అవే పాత్రలతో వస్తుంటే, పత్రికలో నలుపు తెలుపు ఆరు బొమ్మలు ఎవరికి కావాలి?

రెండో దొంగ సినిమా. మాక్ సెనెట్ కీస్టోన్ కంపెనీ 1912లో మొదలైంది, 1914లో చాప్లిన్ అందులో చేరాడు. మనుషులు నిజంగా మెట్ల మీంచి దొర్లుతుంటే దొర్లుతున్నట్టు గీసిన బొమ్మ వెలవెలబోయింది. ముందు, మధ్య, తర్వాత అన్న మూడింటిలో మధ్య భాగాన్ని సినిమా పట్టుకుపోయింది. పత్రిక కార్టూన్‌కి మిగిలినవి ముందు, తర్వాత. ఆ మిగిలినవాటితోనే అది తన ఉత్తమమైన పని చేసిందని నా అభిప్రాయం.

కొంతకాలం మాత్రం ఏం చేయాలో తోచలేదు. అప్పటి ఒంటి బొమ్మ కింద రెండు మూడు వరసల సంభాషణ ఉండేది. ఆయన ఇలా అన్నాడు, ఆవిడ అలా అంది. బొమ్మ చింపేసి మాటలే చదివినా జోకు అర్థమయ్యేది. 1925 ఫిబ్రవరిలో హెరాల్డ్ రాస్ మొదలుపెట్టిన న్యూయార్కర్ ఆ మాటలను ఒక్క వాక్యానికి కుదించి, బొమ్మ లేకుండా మాట, మాట లేకుండా బొమ్మ అర్థం కాకుండా బిగించింది. బొమ్మలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే రాస్ ఊరుకునేవాడు కాదు. సామాన్లు ఎగిరిపడుతున్న బొమ్మలో ముగ్గురు నోళ్ళు తెరిచి ఉంటే క్యాప్షన్ ఎవరిదో తేల్చుకునేలోపు నవ్వు ఆరిపోతుంది. తెరిచిన నోరు ఒక్కటే ఉండాలి.

ఆ పత్రికలో 1932లో వచ్చిన ఒక కత్తియుద్ధం బొమ్మ ఈ విషయం మొత్తానికి తాళంచెవి. ఆలోచన కార్ల్ రోజ్ అనే కార్టూనిస్టుది. పోటీలో ఒకడు కత్తి విసురుతాడు, ఎదుటివాడి తల తెగి గాల్లోకి లేస్తుంది, కొట్టినవాడు ఆ ఆటలో తగిలిందని చెప్పే ఫ్రెంచి మాట మర్యాదగా అంటాడు. రోజ్ గీసి తెస్తే రాస్‌కు మరీ నెత్తుటి వ్యవహారంలా అనిపించింది. రోజ్ గీసేది నిండైన మనుషులను. కండ, బరువు, బట్టల మడతలు అన్నీ ఉంటాయి. అలాంటి మెడ తెగితే రక్తం రావాలి. అందుకని ఆ బొమ్మ జేమ్స్ థర్బర్‌కు ఇప్పించారు. థర్బర్ మనుషులు ఉడికీ ఉడకని పిండితో చేసినట్టు, ఎముకలు లేకుండా ఒకే గీతతో ఉంటారు. వాళ్ళలో రక్తం ఉండదన్నది ఆ నిర్ణయం వెనకున్న తర్కం. తల తెగింది, కానీ కావాలంటే మళ్ళీ పెట్టుకుంటాడనిపిస్తుంది. ఇటలీ కోణంగి రెండు బద్దలు చేసిన పనే ఆ వంకర గీత చేసింది. ఎంత దారుణమైన దెబ్బ వేస్తే అంత తేలికైన గీత కావాలి. ఈ సూత్రం తప్పినప్పుడల్లా స్లాప్‌స్టిక్ హింసగా మారిపోతుంది.

"తర్వాత" క్షణానికి పీటర్ ఆర్నో 1941లో వేసిన విమానం బొమ్మ ముందు నిలిచేది లేదు. వెనక కొత్త విమానం ముక్కు నేలలో దిగి ఉంటుంది. పైన పారాషూట్, కింద పరుగులు పెట్టే సైనికాధికారులు. మన వైపు నడిచివస్తున్న ఒకే ఒక్కడు, చంకలో చుట్టిన నక్షా కాగితాలతో, మళ్ళీ గీత బల్ల దగ్గరికి పోవాలి కాబోలు అన్న అర్థంలో ఓ మాటంటాడు. పారాషూట్ ఎందుకు గీశాడో గమనించండి. పైలట్ బతికాడని ఆ చిన్న గొడుగు చెప్పకపోతే ఈ బొమ్మకు ఎవరూ నవ్వరు. ఆ క్యాప్షన్ ఇంగ్లీషులో నానుడిగా స్థిరపడిపోయింది.

దానికి ఏడాది ముందు, 1940 జనవరిలో, చార్లెస్ ఆడమ్స్ మాటే లేకుండా ఇంకో అడుగు వేశాడు. మంచు కొండ మీద స్కీయింగ్ చేసే మనిషి కిందికి జారిపోతుంటాడు. వెనక చెట్టు. అతని కాళ్ళ చాళ్ళు రెండూ చెట్టుకు చెరో పక్క నుంచి వచ్చి మళ్ళీ కలిశాయి. ఇంకొకడు నిలబడి చూస్తున్నాడు. ఒళ్ళు చెట్టును దాటిన క్షణాన్ని ఎవరూ గీయలేరు, కెమెరా తీయలేదు. సినిమా పట్టుకుపోయిన "మధ్య"ను ఆడమ్స్ రెండు గీతలతో వెనక్కి లాక్కున్నాడు. సాక్షిని తీసేసి చూడండి, బొమ్మ పొడుపుకథగా మిగులుతుంది.

సూపు తాగితే గడ్డం తుడిచే యంత్రం

ఇదే కాలంలో కోలియర్స్ వారపత్రికలో రూబ్ గోల్డ్‌బర్గ్ వేరే దారి పట్టాడు. ఆయన బర్క్‌లీలో ఇంజనీరింగ్ చదివి, శాన్‌ఫ్రాన్సిస్కో నీళ్ళూ మురుగుకాల్వల శాఖలో కొన్నాళ్ళు పనిచేసినవాడు. 1929 నుంచి 1931 దాకా ప్రొఫెసర్ బట్స్ ఆవిష్కరణల పేరుతో యంత్రాలు గీశాడు. వాటిలో గడ్డం తుడిచే యంత్రం ఇలా పనిచేస్తుంది. సూపు చెంచా నోటి దాకా ఎత్తగానే దారం లాగబడుతుంది. దారం ఒక గరిటెను కుదిపి బిస్కెట్టును చిలక ముందు నుంచి విసురుతుంది. చిలక బిస్కెట్టు వెంట దూకుతుంది, అది కూచున్న కర్ర వాలుతుంది, గింజలు బకెట్లో పడతాయి. బకెట్టు బరువెక్కి తాడు లాగితే సిగార్ లైటర్ వెలుగుతుంది, దాంతో రాకెట్టు బాణసంచా అంటుకుంటుంది, అది లేచి కొడవలిని కదిపి ఇంకో దారం తెంపుతుంది. అప్పుడు లోలకానికి కట్టిన గుడ్డ అటూ ఇటూ ఊగి గడ్డం తుడుస్తుంది.

బొమ్మ ఒక్కటే. కానీ ప్రతి భాగానికీ ఒక అక్షరం ఉంటుంది, పక్కన నిర్వికారంగా ఒక వివరణ ఉంటుంది. అక్షరాల వరసలో కన్ను నడవక తప్పదు. నిశ్చలమైన బొమ్మలోకి కాలాన్ని దొంగచాటుగా ఎక్కించే ఉపాయమది. యంత్రం మధ్యలో కూచున్న మనిషి ముఖం ఎప్పుడూ ప్రశాంతమే, నెత్తి మీద రాకెట్టు పేలుతున్నా సరే. ఇలాంటివి గీయబోయి చాలామంది బోల్తాకొట్టేది గొలుసు తెగనివ్వడం దగ్గర. ఒక్క లంకె అసాధ్యమైనా హాస్యం పోతుంది. ప్రతి లంకె విడిగా సాధ్యం కావాలి, మొత్తం మాత్రం మతిలేనిది కావాలి.

1940లు అమెరికాలో పత్రిక కార్టూన్లకు పంట కాలం. శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్, కోలియర్స్ వారం వారం డజన్ల కొద్దీ కొనేవి. న్యూయార్క్‌లో బుధవారం "చూసే రోజు": కార్టూనిస్టులు పది పదిహేను కచ్చా బొమ్మలు చంకన పెట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగేవారు. ఎడిటరు ఊఁ అన్నదాన్ని ఇంటికెళ్ళి ఇంకుతో గీసి తెచ్చేవారు. జోకు వేరేవాళ్ళు రాసిచ్చినదైతే సాధారణంగా నాలుగో వంతు వాళ్ళకు పోయేది. ఆ బొమ్మలు అచ్చయ్యేది కథల మధ్య, ప్రకటనల పక్కన, ఒక్కోసారి ఒకే కాలమ్ వెడల్పులో. అంత ఇరుకులో వివరాలు కనబడవు, నల్లని ఆకారమే కనబడుతుంది. అందుకే ఆ కాలపు కార్టూన్ల ఆకారాలు అంత స్పష్టంగా ఉంటాయి. 1941 సమ్మె తర్వాత డిస్నీ స్టూడియో వదిలి కోలియర్స్‌కు గీసిన వర్జిల్ పార్చ్ ఆ మందలోంచి విడిగా కనబడతాడు. విప్ అని సంతకం. ఆయన మనుషులకు చేతికి ఐదు వేళ్ళుండాలన్న నియమం లేదు, ఊరికే వేలాడే చేతికి ఎనిమిదో తొమ్మిదో ఉండొచ్చు. డిస్నీలో నాలుగు వేళ్ళతో గీసిన బాకీ తీర్చుకుంటున్నాడేమో.

చప్పుడు తిరిగొచ్చింది

మాడ్ (Mad) అనే హాస్యపత్రిక, ఆపర్ కంచరగాడిద కాదు, 1952లో పది సెంట్ల కామిక్ పుస్తకంగా పుట్టి, 1955లో ఇరవై నాలుగో సంచికతో పాతిక సెంట్ల పత్రికైంది. దాంతో కామిక్ పుస్తకాలకు అప్పుడే బిగించిన సెన్సారు నియమావళి దానికి వర్తించలేదు. 1956లో చేరిన డాన్ మార్టిన్ అరవై, డెబ్భైల తరానికి స్లాప్‌స్టిక్‌కే మారుపేరు. బారెడు దవడ, రెప్పవాలిన కళ్ళు, మెట్టు అంచున బూటు ముందు భాగం చాపలా కిందికి మడతపడే పాదం. కానీ అసలు విద్య చప్పుళ్ళది. భవనం కూలితే "ఫగ్రూన్, క్లబుల్ క్లబుల్". కత్తి దిగితే "ప్లొర్చ్". ఆయన కారు నంబరు పలక మీద కూడా "ష్టాయింక్" అనే ఉండేది.

ఊరికే పిచ్చి అక్షరాలు అనుకుంటే పొరపాటు. ఫగ్రూన్‌లో ఆ దీర్ఘం భవనం కూలడానికి పట్టే సమయం. క్లబుల్ రెండుసార్లు రావడం ఆ తర్వాత ఇటుకలు దొర్లడం. ప్లొర్చ్‌లో దీర్ఘం లేదు, దిగబడి ఆగిపోయింది. చప్పుడే గడియారం. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఒక్కసారి పడితే దబ్బున, ఆగకుండా పడుతుంటే దబదబ. ఒకటైతే టక్కున, చాలా అయితే టకటక. మన భాషలో ఆ లెక్క పుట్టుకతోనే ఉంది. తేడా ఎక్కడంటే మన చప్పుడు మాటలకు "మని", "న" తోకలుండి క్రియను వెతుక్కుంటాయి. "ధడేల్మని" అని బొమ్మలో రాస్తే చదువరి "ఏమైంది?" అని వాక్యం పూర్తయ్యేదాకా ఆగుతాడు. బొమ్మలో రాయాలంటే తోక కోసేసి "ధడేల్!" అనే వదిలెయ్యాలి.

ఆంటోనియో ప్రోహియాస్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. క్యూబాలో పేరున్న రాజకీయ కార్టూనిస్టు. కాస్ట్రోను విమర్శించి గూఢచారి అనిపించుకుని 1960 మే 1న అమెరికా చేరాడు. 1961 జనవరి సంచిక నుంచి మాడ్‌లో ఇద్దరు గూఢచారుల బొమ్మలు మొదలుపెట్టాడు. మాట లేదు. ఒకడు నలుపు, ఒకడు తెలుపు, అంతకుమించి ఏ తేడా లేదు, ఇద్దరికీ పక్షి ముక్కులాంటి ముఖమే. ఈసారి ఒకడు పేలిపోతే వచ్చేసారి రెండోవాడు. ఎవరు పడదగ్గవాడన్న పాత ప్రశ్నను ఆయన ఇద్దరినీ ఒకేలా గీసి కొట్టిపారేశాడు. అప్పుడప్పుడూ వచ్చే బూడిదరంగు దుస్తుల గూఢచారిణి మాత్రం ఎప్పుడూ ఓడదు, ఆడమనిషిని పేల్చెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. పేరు పలక కింద కనబడే చుక్కలూ గీతలూ మోర్స్ సంకేతాలు: ప్రోహియాస్ గీసినది అని.

1962లో మెక్సికో నుంచి వచ్చిన సెర్జియో అరగోనెస్ మాడ్ ఆఫీసు మెట్లెక్కి మొదట అడిగింది ప్రోహియాస్ కోసం. తనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనైతే స్పానిష్‌లో మాట్లాడి పని చేసిపెడతాడని ఆశ. తీరా చూస్తే ప్రోహియాస్‌కు వచ్చింది అంతకన్నా తక్కువ. బొమ్మలే మాట్లాడుకున్నాయి. 1963 జనవరి సంచిక నుంచి అరగోనెస్ బొటనవేలి గోరంత మనుషులను పేజీ అంచు ఖాళీల్లో గీయడం మొదలుపెట్టాడు. గడి లేదు, క్యాప్షన్ లేదు, చప్పుడూ లేదు. అడ్డంగా ఉన్న అంచులో మనిషి నడుస్తాడు, తంతాడు, తన్నులు తింటాడు. నిలువు అంచు ఉన్నది పడటానికి. కొన్ని బొమ్మలు పేజీ మూల దగ్గర మలుపు తిరిగి పక్క అంచులోకి దిగిపోతాయి, వాటిని చూడాలంటే చదువరి పత్రికను పక్కకు తిప్పాల్సిందే.